‘బయటివాడు’ నాయకుడైతే: రాష్ట్రేతర తెలుగు కార్మికులు – సంఘ నాయకత్వం

భారతదేశంలోని కార్మిక సంఘాల మీద నూరేళ్లకు పైగా ఒక ఆక్షేపణ వినిపిస్తూనే ఉంది. సంఘాన్ని నడిపేవారు మిల్లులో నూలు వడికినవారు కారు, రైలు పెట్టె కింద పడుకుని నట్లు బిగించినవారు కారు, వకీళ్లు, పత్రికా సంపాదకులు, రాజకీయవాదులు అన్నది ఆ ఆక్షేపణ. యాజమాన్యాలు ఈ మాట అన్నాయి. ప్రభుత్వాలు అన్నాయి. కొన్ని సందర్భాలలో కార్మికులే అన్నారు. ‘బయటివాడు’ అన్న ఈ ఒక్క మాట మీద దావాలు నడిచాయి, శాసనాలు వచ్చాయి, సమ్మెలు నిలిచాయి, విరిగాయి కూడా.

రాష్ట్రం వెలుపల పుట్టి పెరిగిన తెలుగు విద్యార్థులకు ఈ మాట వేరొక కారణం చేత కూడా పరిచితమే. షోలాపూర్‌లోనో, పెరంబూరులోనో, ఖరగ్‌పూర్‌లోనో మూడు నాలుగు తరాలుగా స్థిరపడిన కుటుంబాన్ని సైతం ఊరి వాళ్లు ఏదో ఒక సందర్భంలో ‘బయటివాళ్లు’ అని అనకపోరు. మన పూర్వులలో చాలామంది ఈ ఊళ్లకు వచ్చింది కూలికోసమే. మిల్లు, రైల్వే వర్క్‌షాపు, మగ్గాల కార్ఖానా, బీడీ కంపెనీ, ఇళ్ల కట్టుబడి – ఇవే వారిని పిలిచినవి. అటువంటి చోట సంఘం పుట్టినప్పుడు దానికి పెద్ద ఎవరయ్యారు? ఎందుకయ్యారు? కార్మికులు ఆయనను ఏ దృష్టితో చూశారు? పని గురించి, కూలి గురించి వారి భావాలు ఏమిటి? ఈ ప్రశ్నలను కొన్ని ఊళ్ల చరిత్ర ఆధారంగా పరిశీలించడం మా ఉద్దేశం.

బొంబాయి: సభ్యుల పట్టీ లేని సంఘం

కామాఠీపురా అనే పేరే తెలుగువారి శ్రమకు గుర్తు. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి కట్టుబడి పనులకు వచ్చినవారిని బొంబాయిలో కామాఠీలు అన్నారు. వారు నివసించిన పేటకు ఆ పేరు నిలిచింది. ఈ వలసలో కూలీలతోపాటు కాంట్రాక్టర్లు కూడా ఎదిగివచ్చారు. వారిలో కొందరు జ్యోతిరావు ఫూలే 1873లో పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగు, వెంకు బాలోజీ కాలేవార్ వంటి పేర్లు ఆ సమాజ చరిత్రలో కనిపిస్తాయి. మహారాష్ట్ర సంఘసంస్కరణ చరిత్రలో తెలుగువారి భాగాన్ని గురించి మన పాఠ్యపుస్తకాలు దాదాపు ఏమీ చెప్పవు.

ఈ సత్యశోధక వర్గం నుంచి వచ్చినవారే నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన మిల్లు స్టోర్‌లో ఉద్యోగం చేసినవారు, 1880లో ‘దీనబంధు’ పత్రికను పుణె నుంచి బొంబాయికి తరలించి నడిపినవారు. 1884లో మిల్లు కార్మికుల సభలు జరిపి, సుమారు 5,500 మంది సంతకాలతో ఒక అర్జీ తయారు చేయించారు. అందులోని కోరికలను గమనిస్తే ఆనాటి పని ఎటువంటిదో తెలుస్తుంది. ఆదివారం సెలవు ఇవ్వాలి. మధ్యాహ్నం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. పని ఉదయం ఆరున్నరకు మొదలై సూర్యాస్తమయానికి ముగియాలి. నెల జీతం మరుసటి నెల 15వ తేదీలోగా ముట్టాలి. పనిలో గాయపడినవారికి పరిహారం ఇవ్వాలి.

ఈ జాబితాలో కూలి పెంపు కోరిక లేకపోవడం గమనార్హం. ఇచ్చే కూలి సకాలంలో ఇమ్మనడం, మనిషికి ఊపిరి పీల్చుకునే వేళ ఇమ్మనడం – ఇవే తొలి కోరికలు. పనిగంటలకు హద్దు లేనప్పుడు రోజుకూలికి అర్థం లేదు. ముందు రోజు ఎంతో తేలాలి, తరువాతనే కూలి ఎంతో తేలుతుంది. కార్మికులు ఈ సంగతిని ఆర్థికశాస్త్రం చదవకుండానే గ్రహించారు. 1890 జూన్‌లో బొంబాయి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు.

లోఖండే స్థాపించిన బాంబే మిల్‌హ్యాండ్స్ అసోసియేషన్‌కు సభ్యుల పట్టీ గాని, నిధి గాని, నిబంధనావళి గాని లేవని తరువాతి చరిత్రకారులు విమర్శించారు. విమర్శ నిజమే. ఆ సంఘం నిజానికి అర్జీ రాయగలిగిన ఒక మనిషి, ఆ అర్జీ మీద వేలిముద్ర వేయడానికి జంకని కొన్ని వేల మంది. చదువు రాని కార్మికుడికి, చదువు ఉన్న ప్రభుత్వానికి నడుమ రాతకోతలు తెలిసినవాడొకడు అవసరమయ్యాడు. బయటి నాయకుడి తొలి రూపం ఇదే.

పెరంబూరు: సత్సంగం నుంచి సంఘానికి

మద్రాసులోని పెరంబూరు ప్రాంతంలో బిన్నీ కంపెనీ వారి బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు 19వ శతాబ్ది చివరి పాదంలో వెలిశాయి. అక్కడి కార్మికులు తరచు కూడే చోట్లలో ఒకటి శ్రీ వేంకటేశ గుణామృతవర్షిణీ సభ. అందులో హరికథలు, ధార్మిక ప్రసంగాలు జరిగేవి. దానిని నడిపినవారు స్థానిక వర్తకులైన సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. దుకాణానికి వచ్చే కార్మికులు మిల్లులో తాము పడే కష్టాలను వీరికి చెప్పుకునేవారు. భోజన విరామం చాలదనేవారు. చేతులు కడుక్కుని తినేలోగానే కూత పడేది. మేస్త్రీల దౌర్జన్యం, జరిమానాలు, ఆలస్యమైతే గేటు మూసివేయడం వారి ఇతర ఫిర్యాదులు.

ఈ ఇద్దరు వర్తకులు అనిబిసెంట్ ‘న్యూ ఇండియా’ పత్రిక కార్యాలయానికి వెళ్లి బి.పి. వాడియాను కలిశారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. వాడియా అధ్యక్షుడయ్యారు. క్రమబద్ధమైన సభ్యత్వం, చందా గల ఆధునిక కార్మిక సంఘాలలో ఇది దేశంలో మొదటిదిగా పేరు పొందింది. వాడియా పార్సీ. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే తిరు.వి. కల్యాణసుందర ముదలియారు వంటివారు దానిని కార్మికుల భాషలో వినిపించేవారు. నాయకుడికి కార్మికుల భాష రాదు. కార్మికుడికి నాయకుడి భాష రాదు. అయినా సంఘం నిలిచింది. భోజనానికి మరి కొన్ని నిమిషాలు కావాలన్న కోరికకు అనువాదం పెద్దగా అక్కరలేకపోవడమే కారణమని మేము భావిస్తున్నాము.

అయితే కష్టం త్వరలోనే వచ్చింది. 1920 చివరలో బకింగ్‌హాం మిల్లులో తగాదా ముదిరి లాకౌట్ అయింది. కంపెనీ హైకోర్టుకెక్కింది. కార్మికులు కంపెనీతో చేసుకున్న పని ఒప్పందాన్ని భంగపరిచేలా వాడియా, ఆయన సహచరులు పురికొల్పారన్నది దావా. కోర్టు వారికి వ్యతిరేకంగా నిషేధాజ్ఞ ఇచ్చింది. 1921 ఆరంభంలో రాజీ కుదిరింది. వాడియా సంఘంతో సంబంధం వదులుకోవాలి, కంపెనీ దావా వదులుకుంటుంది. కంపెనీకి నష్టపరిహారం కంటె ఆ ఒక్క మనిషిని గేటు దగ్గరి నుంచి పంపివేయడమే ముఖ్యమని ఈ షరతు వల్ల స్పష్టమవుతున్నది.

ఎందుకు? లోపలివాడిని పనిలోంచి తీసివేస్తే చాలు. అతని ఇంట్లో పొయ్యి ఆరుతుంది, నోరు మూతపడుతుంది. బయటివాడిని తీసివేయడానికి అతనికి ఉద్యోగం లేదు. అందుకే దావా అవసరమైంది. ‘బయటి’ నాయకత్వం కార్మికులు కోరుకున్న విలాసమేమీ కాదు. పని పోతుందన్న భయం ఉన్నంతకాలం, పని పోయే భయం లేని ఒక మనిషి వారికి కావలసివచ్చాడు.

1921 వేసవిలో మొదలై అక్టోబరు దాకా సాగిన సమ్మె మరొక సత్యాన్ని బయటపెట్టింది. మిల్లు కార్మికులలో ఆది ద్రావిడులు అధిక సంఖ్యలో ఉండేవారు. వారిలో అనేకులు పనికి తిరిగి వెళ్లారు. సమ్మెలో ఉన్న సవర్ణ హిందువులకు, ముస్లింలకు వీరితో వైరం పెరిగి పుళియంతోపులో ఇళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. సమ్మె విఫలమైంది. దీనిని కేవలం యాజమాన్యపు కుట్రగా చూపే రచనలు ఉన్నాయి. అవి చాలవు. అప్పుల వల్ల, అంటరానితనం వల్ల ఒక వర్గానికి ఆరు నెలలు కూలి లేకుండా గడిపే శక్తి మరొక వర్గం కంటె తక్కువ. ఆ తేడాను సంఘం లెక్కలోకి తీసుకోలేదు. మనమంతా కార్మికులమే అన్న మాట వేదిక మీద నిజం, వాడలో ఇంకా నిజం కాలేదు. కులం విషయంలో ‘లోపలి’ కార్మికులే ఒకరికొకరు బయటివారుగా ఉన్నారు.

చట్టం గీసిన గీత

వాడియా మీది దావా వల్ల ఒక మేలు జరిగింది. సంఘం పెట్టడమే నేరమైతే ఎలా అన్న ప్రశ్న దేశం ముందుకు వచ్చింది. ఎన్.ఎం. జోషి 1921 మార్చిలో కేంద్ర శాసనసభలో సంఘాల రక్షణకు చట్టం కావాలని తీర్మానం తెచ్చారు. ఐదేళ్ల తరువాత 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఏడుగురు సభ్యులుంటే సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవచ్చు. రిజిస్టరయిన సంఘం మీద ఒప్పందభంగానికి పురికొల్పారన్న కారణంతో సివిలు దావా చెల్లదు. వాడియాను కట్టివేసిన తాడును ఈ చట్టం తెంచిందన్నమాట.

అదే చట్టం నాయకత్వం విషయంలో ఒక గీత గీసింది. సంఘం కార్యవర్గంలో కనీసం సగం మంది ఆ పరిశ్రమలో పనిచేస్తున్నవారై ఉండాలి. మిగతా సగం బయటివారు కావచ్చు. 2001 సవరణ ఈ గీతను ఇంకా లోపలికి జరిపింది. వ్యవస్థీకృత రంగంలో బయటివారు మూడవ వంతుకు గాని, ఐదుగురికి గాని, ఏది తక్కువైతే దానికి మించరాదు. అసంఘటిత రంగంలో మాత్రం సగం నిబంధన కొనసాగింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చి 1926 చట్టం స్థానాన్ని ఆక్రమించింది. ఆ కోడ్‌లో కూడా ఈ విభజన ఉన్నది. సంఘటిత కార్మికుడికి బయటి అండ అంతగా అక్కరలేదు, అసంఘటిత కార్మికుడికి ఇంకా కావాలి అని చట్టమే ఒప్పుకుంటున్నదని దీని భావం.

బరంపురం నుంచి ఖరగ్‌పూర్‌కు

బయటి నాయకుడు అన్న మాటకు తెలుగువారిలో అతి ప్రసిద్ధమైన ఉదాహరణ వరాహగిరి వెంకటగిరి. ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అందులో చేరింది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఆ ఏడాదే డబ్లిన్‌లో యజమానులు సంఘంలో చేరిన కార్మికులను పనిలోంచి గెంటివేసిన మహా లాకౌట్ మొదలైంది. అక్కడి కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ ప్రభావం తనమీద ఉన్నదని గిరి తరువాత చెప్పుకున్నారు. 1916 నాటి ఈస్టర్ తిరుగుబాటు అనంతరం ఆయనను దేశం విడిచి వెళ్లమన్నారు. తిరిగివచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు.

బరంపురం మీదుగా పోయే రైలుమార్గం బెంగాల్–నాగపూర్ రైల్వేది. కలకత్తా నుంచి నాగపూరుకు ఒక దారి, ఖరగ్‌పూర్ నుంచి సముద్రతీరం వెంబడి వాల్తేరుకు ఒక దారి. ఈ రెండవ దారి గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి వేలాది మంది తెలుగువారిని ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు చేర్చింది. ఖరగ్‌పూర్‌లో నేటికీ వినిపించే తెలుగుకు మూలం ఇదే. వలస వచ్చినవాడి జీవితం రెండు చోట్ల నడిచేది. కూలి ఇక్కడ, కుటుంబమూ అప్పూ అక్కడ. పంట కోతలకో, సంక్రాంతికో ఇంటికి వెళ్లాలంటే సెలవు కావాలి. సెలవు పై మేస్త్రీ చేతిలో ఉండేది. పని దొరకడానికీ, నిలుపుకోవడానికీ, సెలవు పొందడానికీ మామూళ్లు ఇవ్వవలసిరావడం ఆనాటి పరిశ్రమలన్నిటా ఉన్న జాడ్యం. సంఘం మీద కార్మికుడికి మొదట గురి కుదిరింది మేస్త్రీకి పైన చెప్పుకోదగ్గ మరొక చోటు దొరికినందువల్లనే.

గిరి ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించినవారిలో ముఖ్యులు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో కూడా ఒకరు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. 1927 ఖరగ్‌పూర్‌కు గడ్డు సంవత్సరం. ఆ ఏడాది ఆరంభంలో ఒక సమ్మె జరిగింది. సెప్టెంబరులో యాజమాన్యం వర్క్‌షాపులో వెయ్యిమందికి పైగా కార్మికులను తగ్గించదలచింది. దాని మీద తలెత్తిన వివాదం లాకౌటుగా మారి డిసెంబరు దాకా సాగింది. కూలి పెంచమన్న పోరాటం కంటె పని తీసివేయవద్దన్న పోరాటం కష్టం. తీసివేతకు గురి కానివాడు తీసివేతకు గురైనవాడి కోసం పస్తులుండాలి. ఆ మూడు నెలలు ఖరగ్‌పూర్ కార్మికులు చేసింది ఇదే. 1927–28లో ఈ తీసివేతలపై సాగిన ఆందోళనే గిరికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది.

వాడియాకు లేని ఒక సౌకర్యం గిరికి ఉన్నది. వర్క్‌షాపులోని తెలుగువారితో తెలుగులోనే మాట్లాడగలరు. కలకత్తా గార్డెన్‌రీచ్‌లో ఉన్న రైల్వే ఏజెంటుతో ఇంగ్లీషులో వాదించగలరు. కాని బెంగాలీ, ఒరియా, హిందీ మాట్లాడే కార్మికులకు ఆయన కూడా పరాయి భాషవారే. ఖరగ్‌పూర్ సంఘం ఒక భాషవారి సంఘం అయి ఉంటే అది బ్రతికేది కాదు. తెలుగువాడు నాయకుడయ్యాడు గనుక మనకు గర్వకారణం అని చెప్పుకుని ఊరుకోవడం కంటె, నాలుగు భాషల వాళ్లు ఒక రసీదు పుస్తకం మీద చందా కట్టారన్న సంగతిని గుర్తుంచుకోవడం మేలు.

సమ్మె, బేరం, తీర్పు

గిరి కార్మికోద్యమంలో మితవాదుల పక్షాన నిలిచారు. 1929 నాగపూర్ మహాసభలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు చీలినప్పుడు ఎన్.ఎం. జోషితో కలిసి బయటికి వచ్చారు. ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్‌కు సహకరించాలా, బహిష్కరించాలా అన్నది చీలికకు ఒక ప్రధాన కారణం. కమ్యూనిస్టులు బహిష్కరించాలన్నారు. కార్మికుల బాధలు నమోదు చేయించుకునే అవకాశం వదులుకోరాదని జోషి, గిరి వర్గం వాదించింది. ఈ వాదంలో ఎవరు సరి అన్నది నేటికీ తేలని విషయం. సహకరించినవారి వల్ల కమిషన్ నివేదికలో కార్మికుల జీవితం గురించి అమూల్యమైన సమాచారం చేరింది. బహిష్కరించినవారు చెప్పినట్లు ఆ నివేదిక వల్ల కూలి వెంటనే పెరగనూ లేదు. 1940లో సంఘాలు మళ్లీ ఏకమైనప్పుడు దానికి ఆధారమైనవి గిరి ప్రతిపాదనలే. రాజకీయ విషయాలు, సమ్మె నిర్ణయాలు నాలుగింట మూడు వంతుల ఆధిక్యంతోనే జరగాలన్నది వాటిలో ముఖ్యమైనది.

ఆయన 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికలలో ఓడించి మద్రాసు మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. అప్పటికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అమలులో ఉన్నది. దాని ప్రకారం ప్రభుత్వం తగాదాను ట్రిబ్యునల్‌కు పంపవచ్చు, తీర్పు ఉభయులకూ శిరోధార్యం. కార్మిక నాయకుడు మంత్రి అయితే ఈ ఏర్పాటును బలపరుస్తాడని ఎవరైనా అనుకుంటారు. గిరి దానిని వ్యతిరేకించారు. నిర్బంధ తీర్పు పద్ధతిని, చిన్న అలజడి కనిపించగానే ఇరుపక్షాలను కోర్టుకు లాక్కుపోయే పోలీసువాడితో పోల్చారు. తీర్పు కోసం ఎదురుచూడడం అలవాటైతే సంఘం సభ్యులను కూడగట్టుకోవడం మానేస్తుంది, యజమాని కార్మికుడితో మాట్లాడడం మానేస్తాడు, ఇద్దరూ వకీలుతోనే మాట్లాడతారు. ఉభయులూ ఎదురెదురుగా కూర్చుని బేరమాడి ఒప్పందానికి రావాలి, అది కుదరకపోతే స్వచ్ఛందంగా మధ్యవర్తిని ఎన్నుకోవాలి అన్నది ఆయన వైఖరి. దీనికి ‘గిరి మార్గం’ అనే పేరు వచ్చింది. స్వయంగా వకీలైన నాయకుడు, వకీళ్ల మీద ఆధారపడే పద్ధతిని కాదనడం విశేషం.

యాజమాన్యాలే కాక సంఘాలలో కూడా అనేకులు దీనిని ఒప్పుకోలేదు. బలమైన సంఘం ఉన్న రైల్వేలోనో, బ్యాంకులోనో బేరం సాగుతుంది. పదిమంది పనిచేసే కార్ఖానాలో బేరం ఎక్కడ సాగుతుంది? అక్కడ కార్మికుడికి ట్రిబ్యునలే దిక్కు అని వారు వాదించారు. ఈ వాదంలో బలం ఉన్నది. మంత్రివర్గంలోనూ గిరి ఆలోచన చెల్లలేదు.

1954లో బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై లేబర్ అప్పీలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. గిరి మంత్రిపదవికి రాజీనామా చేశారు. తీర్పుల పద్ధతినే ఇష్టపడని మనిషి ఒక తీర్పు కోసం రాజీనామా చేయడం పైకి వైరుధ్యంలా కనిపించవచ్చు. మాకు అలా తోచదు. సమ్మె హక్కును పక్కనబెట్టి తీర్పు కోసం వేచి ఉండమని కార్మికుడికి చెప్పిన ప్రభుత్వం, తీర్పు వచ్చాక దానిని మార్చితే ఇక కార్మికుడు దేనిని నమ్మాలి? గిరి పట్టుబట్టింది ఈ నమ్మకం దగ్గరే. తరువాత నియమితమైన కమిషన్ సిఫారసుల మీద 1955లో పార్లమెంటు చట్టం చేయవలసివచ్చింది.

గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఆయన పదవిలో ఉండగానే 1974 మే 8 నుంచి 27 వరకు దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. దానికి నాయకత్వం వహించిన జార్జి ఫెర్నాండెజ్ అప్పుడు అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడు, అంటే గిరి స్థాపించినవారిలో ఒకరైన సంస్థకే అధ్యక్షుడు. ప్రభుత్వం వేల సంఖ్యలో కార్మికులను నిర్బంధించి సమ్మెను అణచివేసింది. రైల్వే కార్మికుల సమ్మెలతో ప్రజాజీవితంలో ఎదిగిన మనిషి రాష్ట్రపతి భవనంలో ఉండగానే ఇది జరిగింది. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు కట్టుబడినవారు. అయినా ఖరగ్‌పూర్ కార్టర్లలోని వృద్ధ కార్మికులకు ఈ సంగతి ఎలా తోచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. నాయకుడు ఎంత ఎత్తుకు ఎదిగితే గేటుకు అంత దూరమవుతాడు. బయటి నాయకత్వానికి ఉన్న అసలు ప్రమాదం యాజమాన్యాలు చెప్పేది కాదు, ఇది.

షోలాపూర్: వెయ్యి బీడీల లెక్క

ఇంతవరకు చెప్పినవి గేటు, కూత, హాజరు పట్టీ ఉన్న పరిశ్రమలు. షోలాపూర్ తెలుగువారి కథ వేరు. తెలంగాణా జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీలు అక్కడ మిల్లులలో, మగ్గాల కార్ఖానాలలో పనిచేశారు. షోలాపూర్ దుప్పట్లకు, తువాళ్లకు వచ్చిన పేరులో వారి శ్రమ ఉన్నది. పాత మిల్లులు ఒక్కొక్కటీ మూతపడిన తరువాత చాలా ఇళ్లను నిలబెట్టింది ఆడవాళ్ల బీడీ పని.

బీడీ పనిలో రోజు లేదు, గంట లేదు. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆకు, తంబాకు కంపెనీ ఇస్తుంది. ఇంట్లో కూర్చుని ఆకు కత్తిరించి, చుట్టి, కట్టలు కట్టి అప్పగించాలి. ఆకు పుచ్చు వస్తే నష్టం చుట్టినామెదే. అప్పగించినప్పుడు బాగులేవని కొన్ని తీసిపారేస్తే ఆ కూలి కూడా ఆమెకు రాదు. ఇంట్లో పిల్లలు ఆకు కత్తిరిస్తారు, వారి కూలి ఎక్కడా కనిపించదు. యజమాని ఎవరన్నది కూడా స్పష్టంగా ఉండదు. కంపెనీ కాంట్రాక్టరును చూపుతుంది, కాంట్రాక్టరు కంపెనీని చూపుతాడు. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు చేతికి వస్తేనే ఈ హక్కులు. ఆ కార్డు కోసం మరాఠీలోనో, ఇంగ్లీషులోనో దరఖాస్తు నింపాలి. చుట్టినామెది తెలుగు. లోఖండే నాటి అర్జీ అవసరం నూరేళ్ల తరువాత ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఈ స్త్రీలను సంఘటితం చేసినవారిలో తెలుగువారైన నరసయ్య ఆడం ముఖ్యులు. ‘ఆడం మాస్టర్’గా ప్రసిద్ధులైన ఆయన సి.ఐ.టి.యు. నాయకులు, షోలాపూర్ నుంచి మహారాష్ట్ర శాసనసభకు పలుమార్లు ఎన్నికైనవారు. సంఘం కూలి కోసం పోరాడుతూనే ఇళ్ల విషయం చేపట్టింది. గోదూతాయి పరుళేకర్ పేరున ఏర్పడిన సహకార సంఘం ద్వారా కుంభారి దగ్గర 10,000 బీడీ కార్మికుల ఇళ్లు వెలిశాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అందజేశారు. 30,000 ఇళ్ల రాయ్‌నగర్ పథకంలో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ అందజేశారు. ఇద్దరు ప్రధానుల పార్టీలు వేరు, సంఘం పార్టీ వేరు. ఇల్లు మాత్రం ఒకటే.

కూలి సంఘానికి ఇల్లు ఎందుకు అని అడగవచ్చు. బీడీ చుట్టే స్త్రీకి ఇల్లే కార్ఖానా. కురిసే కప్పు కింద ఆకు తడిస్తే బీడీ చెడుతుంది, కూలి పోతుంది. అద్దె ఇంటి నుంచి ఖాళీ చేయిస్తే పనిచోటే పోతుంది. పని స్వరూపం మారినప్పుడు కోరిక స్వరూపం కూడా మారుతుందన్న సంగతిని షోలాపూర్ సంఘం గ్రహించింది.

యానాం అనుభవం

బేరం విఫలమైతే ఏమవుతుందో యానాం చూసింది. 2012 జనవరి 27న అక్కడి సెరామిక్ కర్మాగారంలో సుదీర్ఘమైన వివాదం ఘోరంగా ముగిసింది. పోలీసు చర్య అనంతరం కార్మిక సంఘ నాయకుడు మరణించారు. ఆగ్రహించిన గుంపు దాడిలో కంపెనీ అధ్యక్షుడు మరణించారు. ఆస్తులు తగలబడ్డాయి. కర్మాగారానికి ఏళ్ల తరబడి తాళం పడింది. రెండు కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి, వందలాది కుటుంబాలు కూలి పోగొట్టుకున్నాయి. దోషం ఎవరిదో తేల్చడం మా పని కాదు. ఉభయులూ నమ్మి మాట్లాడగలిగిన మనిషి, లోపలివాడైనా సరే, బయటివాడైనా సరే, ఆ వేళకు లేకపోవడం ఎంత ఖరీదైన లోపమో ఆ రోజు చెబుతున్నది.

ముగింపు

ఈ ఊళ్లన్నిటినీ కలిపి చూస్తే మాకు తోచిన విషయాలు మూడు. మొదటిది, బయటి నాయకుడు భయం వల్ల, భాష వల్ల అవసరమయ్యాడు. పని పోతుందన్న భయం తగ్గి, చదువు పెరిగిన చోట లోపలి నాయకులు ఎదిగారు. బయటివారు కొంతకాలం నడిపి, లోపలివారికి శిక్షణ ఇచ్చి తప్పుకోవడం న్యాయం. తప్పుకోనివారి వల్ల కొన్ని సంఘాలు పార్టీలకు తోకలయ్యాయి. రెండవది, కూలి అన్నది ఎన్నడూ ఒంటరి కోరిక కాలేదు. ఆదివారం, భోజనవేళ, సెలవు, గుర్తింపు కార్డు, ఇల్లు – ఇవన్నీ కూలిలో భాగాలే. మూడవది, పెరంబూరులో కులం వల్ల సంఘం విరిగింది, ఖరగ్‌పూర్‌లో నాలుగు భాషలు కలిసినందువల్ల నిలిచింది. ఊరికి బయటివారమని అనిపించుకున్న మనం, మనకంటె కింద ఉన్నవారిని బయటివారుగా చూడకుండా ఉండడం ఈ చరిత్ర నేర్పే పాఠం.

ఈ చరిత్రలో రాతకెక్కింది నాయకుల భాగమే. చందా కట్టినవారి భాగం ఇంకా ఇళ్లలోనే ఉన్నది. విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఒక్కటే. మీ తాతగారి సర్వీసు పుస్తకం, అమ్మమ్మగారి బీడీ కార్డు, ట్రంకుపెట్టె అడుగున ఉన్న సంఘం రసీదు – వీటిని చిత్తుకాగితాలుగా అమ్మివేయక ముందే చూడండి. తేదీ, మొత్తం, సంతకం రాసుకోండి. సమ్మె రోజులలో ఇంట్లో ఏమి వండుకున్నారో పెద్దవారిని అడిగి, వారు చెప్పిన మాటలలోనే నమోదు చేయండి. తమిళనాడు, కర్ణాటక, ఒరిస్సా, మహారాష్ట్ర, యానాంలలోని తెలుగువారి శ్రమచరిత్ర రాయడానికి అంతకంటె మంచి ఆధారాలు ఏ కార్యాలయంలోనూ దొరకవు.